రోబో గారు, మూతలు, ఓ అక్క

ఒరేయ్ పకోడీ,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు నాలుగు తిట్టుకుని అప్పుడు చదువు. అమ్మ మోకాలు కాస్త నయం. చిన్నాడు బడికి ఏడవకుండా వెళ్తున్నాడు. అంతే, మిగతాదంతా మామూలే. అసలు సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఇక్కడ విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో మేం సెలైన్ ఎక్కించే కాన్యులాలు చేస్తామని తెలుసుగా. దాని మీద బుల్లి రంగు మూత ఉంటుంది. గేజ్ అంటే సూది లావు కొలత; గులాబీ అయితే 20 గేజ్, నీలం 22, పసుపు 24. ఇన్నాళ్లూ దుమ్ము చొరబడని క్లీన్‌రూమ్‌లో అక్కలే వాటిని ఏరి బిగించేవారు. ఇప్పుడు రోబో దిగింది. గిన్నెలో గడగడలాడించి వరస కట్టించే ఫీడర్ వద్దన్నారు, మూతలు రాసుకుని ప్లాస్టిక్ పొడి రాలుతుందట. అందుకని పళ్లెం, పైన కెమెరా, సక్షన్‌తో ఎత్తే చెయ్యి. ఆ సక్షన్ వదిలే గాలిని కూడా గొట్టం పెట్టి గది బయటికి పంపాలి, అంత మడి!

రోబో చేసినవాళ్ల షెడ్డులో ట్రయల్ బ్రహ్మాండంగా నడిచింది. మా గదిలోకి రాగానే తమాషా మొదలు. ఒక మూత ఎత్తితే దాన్ని పట్టుకుని ఇంకోటి. కెమెరాకి పైదొక్కటే కనిపిస్తుంది. కింద పడినవి మళ్లీ వాడకూడదు, లెక్క రాసి పారేయాలి. ఇంజనీరు లైటు మార్చాడు, సక్షన్ తగ్గించాడు, ప్రోగ్రాం తిరగరాశాడు. మా మేనేజరు మొహం చూడాలి, ఆ రోజు ల్యాబ్‌లో నీ మొహం... సరే, నువ్వొద్దన్నావుగా, ఆపేస్తున్నా.

చివరికి ఓ అక్క మెల్లిగా, "సార్, మా బల్ల మీదుండే గాలి డబ్బా దీనికి పెట్టలేదేంటి?" అంది. ఐయొనైజర్‌రా, గాలి ఊది స్టాటిక్ కరెంటు పోగొట్టేది! ఆ షెడ్డులో ఉక్కపోత, మా గదిలో ఏసీ పొడిగాలి. కవర్లోంచి పోస్తుంటే రాపిడికి మూతలకి స్టాటిక్ పట్టేసి ఒకదానికొకటి అతుక్కుంటాయి. డ్రాయింగులు గీసినవాళ్లలో ఒక్కడూ ఆ బల్ల దగ్గరికెళ్లి చూడలేదు. రోబో సరిగ్గా నడిస్తే తన బల్లే తీసేస్తారేమోనని ఆవిడకి భయం. అయినా చెప్పింది. అది తలుచుకుంటే నాకు...

పోనీలే. డబ్బా బిగించడం ఎంతసేపు, కాగితాలే ప్రాణం తీశాయి. మార్పుకి అనుమతి తీసుకునే ఛేంజ్ కంట్రోల్, మళ్లీ ఐక్యూ, ఓక్యూ, పీక్యూ అని మెషీన్ బిగింపుకీ పనితీరుకీ వరస పరీక్షలు. ఇప్పుడు మూతలు ఒక్కొక్కటే బుద్ధిగా లేస్తున్నాయి. కానీ ఫారంలో 'సూచించినవారు' గడి దగ్గర మేనేజరు తన పేరు రాసుకోబోయాడు! నేనూరుకుంటానా? అందరి ముందూ ఏమన్నానంటే, అయ్యో, షిఫ్టు బస్సు హారన్ కొడుతున్నాడు. రాత్రికి ఫోన్ చెయ్యి, చెప్తా.

నీ
బొంగరం