క్యాసెట్లున్నాయి, ఆడించే యంత్రాలే కరువవుతున్నాయి

సంపాదకుడి గారికి,

అయ్యా,

మన నగరంలోని నాటక సమాజాల బీరువాల్లో, కళాశాలల గ్రంథాలయాల్లో, వేలాది ఇళ్ల అటకల మీద పడివున్న వీడియో క్యాసెట్ల విషయంలో ప్రభుత్వం త్వరగా ఒక నిర్ణయం తీసుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను వీడియో చిత్రీకరణే వృత్తిగా బతికినవాణ్ణి. రవీంద్రభారతిలోను, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోను జరిగిన నాటకాలు, నృత్య ప్రదర్శనలు, సన్మాన సభలు ఎన్నింటినో మొదట వీహెచ్‌ఎస్ రకం క్యాసెట్ల మీద, తరువాత హై8, మినీడీవీ అనే చిన్న క్యాసెట్ల మీద తీశాను.

టేపు కాలక్రమంలో చెడిపోతుందని చాలామందికి తెలుసు. అంతకంటే ముందు దాన్ని ఆడించే యంత్రమే కనుమరుగైపోతోందన్న సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ. జపాన్‌కు చెందిన జేవీసీ 1976లో తెచ్చిన వీహెచ్‌ఎస్ పద్ధతికి వీసీఆర్‌లు, అంటే క్యాసెట్లు ఆడించే యంత్రాలు, చేస్తూ చివరిదాకా మిగిలిన సంస్థ ఫునాయ్; అదీ 2016 జూలైలో తయారీ ఆపేసింది. టీవీ కేంద్రాలు వాడిన యూమాటిక్, బీటాక్యామ్ యంత్రాలు దొరకడం మరీ కష్టం. వీసీఆర్ లోపల, టేపును చదివే హెడ్‌లు అమర్చిన గుండ్రటి హెడ్ డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ టేపును చదువుతుంది. అది అరిగినా, రబ్బరు బెల్టు సాగిపోయినా కొత్త భాగం దొరకదు. ఒకప్పుడు కోఠిలో వీసీఆర్ మెకానిక్ కోసం వెతకవలసిన పని ఉండేది కాదు. ఇప్పుడు నేను వెళ్లే మెకానిక్ గారికి డెబ్బై ఏళ్లు దాటాయి. పాడైన నాలుగైదు సెట్లు విప్పి, వాటి సామాను ఒకదానికి వేసి నడిపిస్తారు. ఆ పని నేర్చుకుంటామని ఆయన దగ్గరకు వచ్చినవారు ఎవరూ లేరు.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఔరంగజేబు కాలం నాటి పారశీక పత్రాలు ఉన్నాయి. ఆ భాష వచ్చినవారు వాటిని నేటికీ చదవగలుగుతున్నారు. 1990లో తీసిన క్యాసెట్‌ను చేతిలో పట్టుకుని ఎంతసేపు చూసినా నల్లటి టేపు తప్ప ఏమీ కనిపించదు.

ఇక టేపు సంగతి. ఈమధ్య ఒక నాటక సమాజం వారు తమ పాత ప్రదర్శనల క్యాసెట్లు తెచ్చి ఇచ్చారు. కొన్నింటిలో, పైనున్న చిన్న అద్దంలోంచి చూస్తే చుట్ట అంచు పొడవునా పిండి చల్లినట్టు తెల్లటి బూజు కనిపించింది. అటువంటిదాన్ని శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో పెడితే బూజు హెడ్‌కు పట్టి, తరువాత పెట్టే మంచి క్యాసెట్లకు కూడా అంటుకుంటుంది. బూజు లేని టేపులోనూ, అయస్కాంత పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటిపెట్టి ఉంచే జిగురు పొర ఏళ్ల తరబడి గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. ఆడించినప్పుడు ఆ పొర ఊడివచ్చి హెడ్ మూసుకుపోతుంది, ఊడినంత మేరా బొమ్మ పోతుంది. 2025 నాటికి డిజిటల్ రూపంలోకి మార్చని టేపుల్లో చాలా వరకు ఇక దక్కవని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే హెచ్చరించింది. ఆ గడువు మన కళ్లముందే వచ్చేసింది.

వీటిలో ఏముందని ఇంత ఆరాటమని కొందరు అడగవచ్చు. చిందు యక్షగాన కళాకారిణి చిందు ఎల్లమ్మ, ఒగ్గుకథ చెప్పిన మిద్దె రాములు, చుక్క సత్తయ్య వంటి కళాకారులు ఇప్పుడు మన మధ్య లేరు. ఒగ్గుకథను పుస్తకంగా అచ్చువేయవచ్చు కానీ, కథకుడు ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఎలా జారుకుంటాడో, డోలు ఎక్కడ అందుకుంటుందో అచ్చులో పట్టుకోలేము. మామూలు పెళ్లి క్యాసెట్‌ను కూడా నేను తేలికగా చూడను. అప్పగింతల పాట పాడే ముసలమ్మ గొంతు, ఆమె మాట యాస, వెనకాల ఇప్పుడు లేని ఆ వీధి, అన్నీ అందులో ఉంటాయి.

డిజిటల్‌గా మార్చేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవారికి కూడా ఒక మాట చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట ఎంతోమంది పెళ్లి క్యాసెట్లను వీసీడీలుగా, అంటే వీడియో సీడీలుగా, చేయించుకుని అసలు క్యాసెట్లను పారేశారు. వీసీడీ బొమ్మలో 352×288 చుక్కలే ఉంటాయి. అదే టేపును సరిగ్గా మారిస్తే 720×576 చుక్కలు వస్తాయి. పైగా ఇళ్లలో, స్టూడియోల్లో రాసిన డిస్కుల్లోని రంగుపొర కూడా చెడేదే, ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లకు ఆ డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు. అందువల్ల ఏ నష్టమూ లేకుండా దాచే ఎఫ్‌ఎఫ్‌వీ1 వంటి బహిరంగ పద్ధతిలో మాతృకను ఉంచుకోవడం, ఒకటికి మూడు ప్రతులు చేసి ఒకదాన్ని వేరే ఊళ్లో పెట్టడం, కొన్నేళ్లకొకసారి కొత్త పరికరాల్లోకి ఎక్కించడం తప్పనిసరి. ఎంపీ4 చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేస్తే చూసుకోవడానికి పనికివస్తుందే గాని భద్రపరచినట్టు కాదు.

ప్రైవేటు స్టూడియోలు ఈ పని చేస్తున్నాయి, నిజమే. కానీ మూడు గంటల క్యాసెట్‌ను మార్చడానికి మూడు గంటలు పట్టవలసిందే, తొందరపెట్టే మార్గం లేదు. ఒక సమాజం దగ్గర 200 క్యాసెట్లు ఉంటే అది 600 గంటల పని. టిక్కెట్టు అమ్మి నాటకం ఆడుకునేవారు ఆ ఖర్చు భరించలేరు. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ, రాష్ట్ర ఆర్కైవ్స్ కలిసి హైదరాబాద్‌లో ఒక వీడియో పరిరక్షణ కేంద్రం తెరవాలని నా విన్నపం. భవనం కంటే ముందు యంత్రాలు సేకరించాలి. పనిచేసే వీసీఆర్‌లు, యూమాటిక్, బీటాక్యామ్, మినీడీవీ పరికరాలు ఎవరి దగ్గర ఉన్నా కొని, పాత మెకానిక్‌లకు గౌరవ వేతనం ఇచ్చి, నలుగురు యువకులకైనా ఆ విద్య నేర్పించాలి. కళాబృందాల క్యాసెట్లను ఉచితంగా, కుటుంబాలవి నామమాత్రపు రుసుముతో మార్చి ఇవ్వాలి. కళాకారుల, వారి వారసుల అనుమతి లేకుండా ఏదీ బయట ప్రదర్శించకూడదు.

ఆ కేంద్రం వచ్చేలోగా పాఠకులు తమ ఇంట్లోని వీసీఆర్‌ను పాత సామాన్లవాడికి వేయవద్దని, క్యాసెట్లను అటక వేడి నుంచి దించి తేమ తగలని చోట నిలువుగా పేర్చుకోవాలని, బూజు కనిపించినవాటిని విడిగా ఉంచి ఆడించకుండా ఆగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వీడియోగ్రాఫర్,
చిక్కడపల్లి, హైదరాబాద్.