ఎక్స్‌ఎస్ అని రాస్తే చాలదు, సైకిల్ కూడా చిన్నది కావాలి

కస్టమర్ సర్వీస్ విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: ఎక్స్‌ఎస్ సైజు రోడ్ బైక్ నా ఒంటికి సరిపోకపోవడం, సైకిల్ వెనక్కి తీసుకుని డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వాలని కోరడం.

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లో సైజు చెప్పే పేజీ అడిగేది ఒక్కటే ప్రశ్న: ఎత్తు ఎంత అని. 156 సెంటీమీటర్లు అని కొట్టగానే పచ్చ టిక్కు పెట్టి, ఎక్స్‌ఎస్ మీకు సరిగ్గా సరిపోతుందని చూపించింది. కాళ్లెంత, చేతులెంత, భుజాల వెడల్పెంత అన్న ప్రశ్నలే లేవు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుం పైభాగం పొడుగు ఉండొచ్చు. ఆ ఇద్దరికీ ఒకే సైకిల్ నప్పదు. బట్టల కొట్టువాళ్లు కూడా ప్యాంటు అమ్మేముందు కాలి పొడవు అడుగుతారు.

వచ్చిన సైకిల్లో ఫ్రేమ్ గొట్టాలు చిన్నవే, నేనూ ఒప్పుకుంటాను. పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి హాయిగా నిలబడగలుగుతున్నాను. కానీ తొక్కడానికి కూర్చుంటే మిగతావన్నీ పెద్దవాళ్ల సామానే. పెడళ్లు బిగించే కడ్డీలు, అంటే క్రాంకులు, 170 మిల్లీమీటర్లు, హ్యాండిల్ వెడల్పు 42 సెంటీమీటర్లు, హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే స్టెమ్ 100 మిల్లీమీటర్లు. మీ ఎం సైజుకి ఇచ్చే హ్యాండిలూ స్టెమ్మూ ఇవే, క్రాంకు మాత్రం వాళ్లకి 172.5. పెద్దాయన చొక్కాకి కాలర్ ఒక్కటీ కుదించి, ఇది పిల్లాడి చొక్కా అన్నట్టుంది మీ పని.

ముందు క్రాంకుల సంగతి. నా కాలి లోపలి కొలత 71 సెంటీమీటర్లు. అంటే 170 క్రాంకు నా కాలిలో దాదాపు 24 శాతం. 82 సెంటీమీటర్ల కాలున్న మనిషికి మీరిచ్చే 172.5 అతని కాలిలో 21 శాతమే. అదే నిష్పత్తి నాకూ కావాలంటే క్రాంకు 150 దగ్గర ఉండాలి. నేను అంత దూరం వెళ్లడం లేదు, 160 చాలు. షిమానో కంపెనీ భాగాల్లో 105 రకంలోనూ అల్టెగ్రా రకంలోనూ 160 క్రాంకు దొరుకుతుంది, మీరు ప్రత్యేకంగా తయారు చేయించనక్కర్లేదు. 10 మిల్లీమీటర్లే కదా అని మీవాళ్లు తేలిగ్గా తీసేశారు. క్రాంకు 10 తగ్గితే పెడల్ కింద ఉన్నప్పుడు కాలు అందడం కోసం సీటు 10 పైకి లేపుకోవచ్చు, పెడల్ పైకొచ్చినప్పుడు అది 10 కిందే ఆగుతుంది. రెండూ కలిపి మోకాలు పైకొచ్చే చోట 20 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. ఇప్పుడైతే హ్యాండిల్ కింది భాగం పట్టుకుని వంగి తొక్కితే తొడ వచ్చి పొట్టని పొడుస్తోంది. నాకు పెద్ద పొట్ట కూడా లేదు.

ఇక హ్యాండిల్ దూరం. ఫిర్యాదు చేసినప్పుడు మీ కస్టమర్ కేర్ నుంచి వచ్చిన జవాబు "సీటు ముందుకు జరుపుకోండి" అని. సీటు ఎక్కడుండాలో తేల్చాల్సింది పెడల్, హ్యాండిల్ కాదు. చేతులు అందడం లేదని సీటు ముందుకు లాగితే ఒంటి బరువంతా అరచేతుల మీదా మోకాళ్ల మీదా పడుతుంది. సైకిళ్ల కంపెనీలో జవాబులిచ్చేవాళ్లకి ఇది తెలిసి ఉండాలి.

అసలు మోసం మీ కొలతల పట్టికలోనే ఉంది. పట్టిక ప్రకారం పై గొట్టం పొడవు ఎస్ సైజులో 522 మిల్లీమీటర్లు, ఎక్స్‌ఎస్‌లో 501. చూసినవాడు ఎవడైనా 21 మిల్లీమీటర్లు తగ్గింది, పర్లేదు అనుకుంటాడు. కింద రీచ్ అన్న వరుస చూడండి, అంటే పెడళ్ల ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ దూరే గొట్టం) పైభాగం దాకా అడ్డంగా ఉన్న దూరం. ఎస్‌లో 373, ఎక్స్‌ఎస్‌లో 370. తగ్గింది 3. మిగతా 18 ఎక్కడికి పోయింది? సీటు గొట్టాన్ని 74 డిగ్రీల నుంచి 75.5కి నిటారుగా లేపారు, స్టాక్‌ని, అంటే ఫ్రేమ్ ముందు ఎత్తుని, 520 నుంచి 505కి తగ్గించారు. దాంతో పై గొట్టం కాగితం మీద చిన్నదైపోయింది. నా సీటు ఎత్తు దగ్గర ఆ డిగ్రీన్నర తేడా 16 మిల్లీమీటర్లకి సమానం. నా మోకాళ్లకి సరిపడే చోటికి సీటుని అంత మేరా వెనక్కి జరిపేసరికి మీరు తగ్గించామన్నది తిరిగి వచ్చేసింది. స్టెమ్ కింద స్పేసర్లు, అంటే రింగులు, పెట్టి రెండు సైజుల్లో హ్యాండిల్ ఎత్తు సమానం చేసి చూసినా అసలు తేడా దాదాపు 8 మిల్లీమీటర్లే. స్టెమ్ ఒక నంబరు మారిస్తే వచ్చే తేడా అది. దానికోసం ఇంకో సైజు తయారు చేయడం దేనికో నాకు అర్థం కాలేదు.

అన్నిటికంటే భయపెట్టింది ముందు చక్రం. గేటు ముందు సైకిల్ మెల్లగా తిప్పుతుంటే, పెడల్ ముందుకొచ్చిన క్షణంలో బూటు మొన టైరుకి తగిలి ఇరుక్కుంది. హ్యాండిల్ తిరగనంది, రెండో కాలు నేల మీద పెట్టేలోగా సైకిల్ పక్కకి ఒరిగిపోయింది. వేగంగా పోయేటప్పుడు హ్యాండిల్ అంతగా తిప్పం కాబట్టి ఇది జరగదని నాకు తెలుసు. కానీ బళ్ల మధ్య మెల్లగా మలుపు తీసుకోవాల్సిన చోటే తగులుతుంది, టెన్షన్ అంతా అక్కడే. చక్రం పాదానికి దూరంగా ఉండాలని మీ డిజైనర్లు హెడ్ ట్యూబ్‌ని 70.5 డిగ్రీలకి వాల్చారు, ఎం సైజులో అది 73. అయినా తగులుతోంది. పైగా ఫోర్క్ ఆఫ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే గీత కంటే ముందు చక్రం ఇరుసు ఎంత ముందుకుందో ఆ దూరం, అన్ని సైజులకీ 45 మిల్లీమీటర్లే ఉంచేశారు. 28 మిల్లీమీటర్ల టైరుతో లెక్క కట్టి చూశాను: ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే గీత నేలని తాకే చోటుకీ టైరు నేలని తాకే చోటుకీ మధ్య దూరం, అది పెరిగితే హ్యాండిల్ బరువెక్కుతుంది) ఎం సైజులో 57 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే నా సైకిల్లో 72 అయింది. హ్యాండిల్ బరువుగా తిరుగుతోందని నేను మొదటి ఈమెయిల్‌లో రాస్తే "అలవాటైపోతుంది" అన్నారు. ఎక్కువ ఆఫ్‌సెట్ ఉన్న ఫోర్క్ ఒకటి చిన్న సైజులకి విడిగా వాడి ఉంటే అలవాటు చేసుకోవాల్సిన అవసరమే వచ్చేది కాదు.

దీనికి పరిష్కారం లేదా అంటే ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో 1985లో సొంత కంపెనీ మొదలుపెట్టిన జార్జీనా టెర్రీ, పొట్టివాళ్ల కోసం వెనక రోడ్ బైకులకి మామూలుగా వచ్చే 700సి చక్రమే ఉంచి ముందు 24 అంగుళాల చక్రం పెట్టి సైకిళ్లు చేశారు. ఇప్పుడైతే దానికంటే చిన్నవైన 650బి చక్రాలున్నాయి. 700సి రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు, 650బిది 584. వాటికి తగ్గట్టు ఫ్రేమ్ గీస్తే పాదానికీ చక్రానికీ మధ్య చోటు వస్తుంది, ఫోర్క్‌ని అంతగా వాల్చే పనీ ఉండదు. అన్ని సైజులకీ ఒకే చక్రం, ఒకే ఫోర్క్ అయితే మీకు స్టాకు పెట్టుకోవడం సులువు. ఆ సులువుకి మూల్యం కట్టేది మాత్రం పొట్టివాళ్లం.

బ్రేక్ లివర్ల గురించి పొడుగ్గా రాయను. నా వేళ్ల మొదటి కణుపు మాత్రమే లివర్‌కి అందేది. దగ్గరకి తెచ్చుకునే స్క్రూ ఉందని మీ మాన్యువల్లో ఎక్కడా లేదు, నేనే వెతికి తిప్పుకున్నాను, బాగుంది.

ఇంకో మాట. మీ ప్రతినిధి ఒకరు ఫోన్లో, "సార్, అయితే లేడీస్ మోడల్ చూడండి" అన్నారు. ఆయన గొంతులో నవ్వు వినపడింది. నాకు అభిమానం అడ్డు రాలేదు, నిజంగానే చూశాను. అదే ఫ్రేమ్, అవే కోణాలు, అదే రీచ్. సీటు వెడల్పూ రంగూ తప్ప ఏమీ మారలేదు. అంటే నా ఎత్తున్న ఆడవాళ్లకీ మీ దగ్గర సైకిల్ లేదు, వాళ్లకి గులాబీ రంగు మాత్రం ఉంది.

కాబట్టి సైకిల్‌ని మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, రవాణా చార్జీతో సహా మొత్తం డబ్బు తిరిగి ఇవ్వండి. క్రాంకులూ హ్యాండిలూ స్టెమ్మూ మార్చి ఇస్తామని ఇప్పుడు ముందుకొస్తే నేను ఒప్పుకోను. ఆ పని కొనేటప్పుడు చేసి ఉంటే వేరు. భాగాలు మార్చినంత మాత్రాన హెడ్ ట్యూబ్ కోణం మారదు. సైకిల్ శుభ్రంగా ఉంది, ఒరిగినప్పుడు ఎడమ బ్రేక్ లివర్ కొస మీద పడిన గీత తప్ప వేరే దెబ్బ లేదు. ఆ గీత పేరు చెప్పి డబ్బు కోయడానికి వీల్లేదు, అది ఎందుకు పడిందో పైన రాశాను.

సైజు పేజీలో ఎత్తుతోపాటు కాలి లోపలి కొలత, చేతి పొడవు, భుజాల వెడల్పు అడగండి. ఏ సైజుకి ఏ క్రాంకు, ఏ స్టెమ్, ఎంత హ్యాండిల్ వస్తుందో పట్టికలోనే చూపించండి. బూటుకి చక్రం తగిలే సైజులుంటే ఆ విషయం డబ్బు కట్టకముందే కనపడేలా రాయండి.

సైకిల్ ఫొటోలు, నా ఒంటి కొలతలు, మీ పట్టిక ప్రతి, మన మధ్య నడిచిన ఈమెయిళ్లు జతచేశాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఫోన్ చేయవద్దు. గడువు దాటితే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ ఎక్స్‌ఎస్ సైకిల్ కొన్న వినియోగదారుడు