గ్రహణమొర్రి శిశువులకు తొలి వారాల్లోనే ముక్కు చికిత్స అందాలి

సంపాదకులకు నమస్కారం.

గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డను చూసి బెంగపడే తల్లిదండ్రులకు ప్రసూతి వార్డుల్లో తరచుగా వినిపించే మాట, "మూడు నెలలు నిండాక తీసుకురండి, ఆపరేషన్ చేస్తారు" అన్నదే. పెదవి శస్త్రచికిత్సకు అది తగిన వయసే గానీ, ముక్కును సరిచేయడానికి అత్యంత అనువైన కాలం అప్పటికే దాటిపోతుంది.

పెదవి చీలిన వైపు ముక్కు రంధ్రం అడ్డంగా సాగి, మృదులాస్థి అణగిపోయి, ముక్కు కొన ఒరిగి ఉంటుంది. తల్లి నుంచి సంక్రమించిన ఈస్ట్రోజెన్ ప్రభావం వల్ల ఆ మృదులాస్థి తొలి ఆరు వారాలూ మలచడానికి వీలుగా ఉండి, తర్వాత క్రమంగా బిగుస్తుందని వైద్యులు భావిస్తున్నారు. న్యూయార్క్‌లో దంతవైద్యుడు బారీ గ్రేసన్, ప్లాస్టిక్ సర్జన్ కోర్ట్ కట్టింగ్ 1990లలో రూపొందించిన నాసోఆల్వియోలార్ మోల్డింగ్ (ఆపరేషన్‌కు ముందే ముక్కును, చిగుళ్లను మెల్లగా మలిచే) పద్ధతికి ఇదే ఆధారం. అంగిలి కొలత తీసి అక్రిలిక్ ప్లేటు చేస్తారు. పెదవి మీద టేపు వేస్తారు. వారానికోసారి ప్లేటును ఒకచోట అరగదీసి, మరోచోట మెత్తని పూత చేర్చి చిగుళ్లను దగ్గరికి తెస్తారు. చీలిన చిగుళ్ల మధ్య సందు సుమారు 5 మిల్లీమీటర్లకు తగ్గాక, ప్లేటుకు అమర్చిన వంపు తీగ చివరి నున్నని బొడిపె ముక్కు రంధ్రంలోకి చేరి, కుంగిన భాగాన్ని మెల్లగా పైకెత్తుతుంది.

ఇది శస్త్రచికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. ఏళ్లు గడిచాక ఫలితం ఎంతవరకు నిలుస్తుందన్న విషయంలో వైద్యుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయినా చీలిక బాగా వెడల్పుగా ఉన్న బిడ్డ విషయంలో సర్జన్ పని సులువవుతుందని, ఈ పిల్లలకు ప్లేట్లు అమర్చే దంతవైద్యురాలిగా నేను గట్టిగా నమ్ముతున్నాను.

అసలు భారమంతా బాలింత మీదే పడుతుంది. రోజూ ప్లేటు తీసి కడగాలి, టేపు లాగినప్పుడు చెంపలు ఎర్రబారకుండా చూసుకోవాలి, నారాయణపేట నుంచో జహీరాబాద్ నుంచో పసికందుతో వారం వారం హైదరాబాద్ రావాలి. మహాలక్ష్మి పథకం వల్ల ఆమెకు ఆర్టీసీ టికెట్ ఖర్చు లేకపోయినా, తోడొచ్చే భర్త ఛార్జీలు, పోగొట్టుకునే కూలి ఆ ఇంటికి చిన్నవి కావు. మధ్యలో మానేసే కుటుంబాలను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గ్రహణమొర్రి కూడా ఉంది. కనుక పేట్లబుర్జు, నీలోఫర్ వంటి ఆసుపత్రుల్లో అలాంటి బిడ్డ కనిపించిన వారంలోపే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు పంపే ఏర్పాటు ఉండాలి. ఆపరేషన్‌తో పాటు ఈ ముందస్తు చికిత్సకూ, తోడొచ్చేవారి ప్రయాణ ఖర్చుకూ ఆరోగ్యశ్రీ కింద పూర్తి సాయం అందేలా ఆరోగ్యశాఖ ఉత్తర్వులివ్వాలని కోరుతున్నాను.

– ఒక దంతవైద్యురాలు, హైదరాబాద్