పాత ప్రింటర్‌కు పనికొస్తుందని చెప్పి అమ్మిన కంప్యూటర్, కేబుల్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న లారీ బుకింగ్ ఆఫీసు. కిందటి నెల మీ షోరూంలో ఒక డెస్క్‌టాప్, యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబుల్ కొన్నాను. బిల్లు నకలు జతచేశాను. మా దగ్గర 9 పిన్నుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉందని, ఎల్‌ఆర్‌లు (సరుకుకు ఇచ్చే లారీ రసీదులు) కొట్టే ప్రోగ్రాం విండోస్‌కు ముందున్న డాస్ కాలం నాటిదని కొనకముందే మీ సేల్స్‌మన్‌కు చెప్పాను. ప్రింటర్ వెనక ఉండే 36 పిన్నుల సాకెట్ ఫోటో కూడా చూపించాను. "ఏ టెన్షనూ వద్దండీ, ఈ కేబుల్ పెడితే అంతా పనిచేస్తుంది" అన్నారు. ఆ మాట మీదే డబ్బు కట్టాను.

ఇంతవరకూ ఆ కంప్యూటర్ నుంచి ఒక్క ఎల్‌ఆర్ కూడా సరిగా రాలేదు.

మీరిచ్చింది 64 బిట్ విండోస్ 11. అందులో డాస్ ప్రోగ్రాం నేరుగా తెరుచుకోదు. మీ టెక్నీషియన్ పాత డాస్ ప్రోగ్రాంలను నడిపించే డాస్‌బాక్స్ వేశాక స్క్రీన్ అయితే వచ్చింది, ప్రింట్ మాత్రం రాలేదు. మా ప్రోగ్రాం అక్షరాలను ఎల్‌పీటీ1 అనే పాత ప్యారలల్ ప్రింటర్ పోర్టుకు పంపుతుంది. మీ కేబుల్ తగిలిస్తే విండోస్‌లో కనిపించేది యూఎస్‌బీ001 అనే వేరే పోర్టు. ఎల్‌పీటీ1 ఎక్కడా లేదు. సాకెట్లో కేబుల్ పట్టినంత మాత్రాన ప్రింటర్ కలిసినట్టు కాదు గదా! మీ డబ్బా మీద మాత్రం "అన్ని పాత ప్రింటర్లకు, అన్ని విండోస్‌లకు" అని అచ్చువేశారు.

తర్వాత మీ టెక్నీషియన్ ఎల్‌ఆర్‌ను ఎక్సెల్‌లో తయారుచేసి పంపించి చూశారు. మా ఫారం పొడవు 6 అంగుళాలు, అంటే అంగుళానికి 6 చొప్పున 36 వరుసలు. ఆయన పేపర్ సైజు ఏ4గా పెట్టి వదిలేశారు. ఒక ఫారం తర్వాత ఇంకో ఫారానికి అచ్చు జరిగిపోతూ, సరుకు బరువు పడాల్సిన గడిలో లారీ నంబరు పడింది. ఫారాలు పాడయ్యాయి, లోడెత్తిన బండ్లు గేటు దగ్గర ఆగిపోయాయి. చివరికి చేత్తో రాసి పంపించాం.

మీ కాల్ సెంటర్ వాళ్లు "ప్రింటర్ పాతది సార్, లేజర్ కొనుక్కోండి" అంటున్నారు. ఆ సలహా నాకు చాలా బాధ కలిగించింది. ప్రింటర్‌లో ఏ లోపమూ లేదు. లైన్ ఫీడ్ బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే సెల్ఫ్ టెస్ట్ పేజీ ఇప్పటికీ చక్కగా వస్తుంది. లేజర్ ప్రింటర్ మా ప్రింటర్‌లా పిన్నులతో కాగితాన్ని కొట్టదు, కాబట్టి కార్బన్ కాపీ రాదు. మాకు ఒకే దెబ్బకు మూడు కాపీలు కావాలి: సరుకు పంపినవారికి ఒకటి, డ్రైవర్‌తో ఒకటి, ఆఫీసుకు ఒకటి. మూడింటిలో బరువు, కిరాయి ఒకేలా ఉన్నాయన్న నమ్మకం ఆ కార్బన్ వల్లే వస్తుంది. విడివిడిగా తీసిన కాగితాల్లో ఒకదాంట్లో అంకె మారినా పట్టుకోవడం కష్టం. రేపు సరుకు తక్కువైందని గొడవ వస్తే మా చేతిలో ఉండే ఆధారం ఆ కాపీయే.

దీనికి దారి లేకపోలేదు. డాస్ ప్రోగ్రాంను నడుపుతూ, ఎల్‌పీటీ1కి వెళ్లే అక్షరాలను విండోస్ ప్రింటర్‌కు అందించే ఎమ్యులేటర్లు ఉన్నాయి. ప్రింటర్‌ను "జెనరిక్ / టెక్స్ట్ ఓన్లీ" డ్రైవర్‌తో పెట్టి, ఫారం పొడవు 6 అంగుళాలుగా సెట్ చేయాలి. ఈ పని తెలిసిన మనిషిని పంపించి, మా ఫారం మీద, మా ప్రోగ్రాం నుంచే ఎల్‌ఆర్ కొట్టి చూపించండి. అది మీవల్ల కాకపోతే కంప్యూటర్, కేబుల్ రెండూ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. పాడైన ఫారాల ఖరీదు కూడా అందులో కలపాలి. కేబుల్ డబ్బా మీద ఆ మాట తీసేసి, డాస్ ప్రోగ్రాంలకు నేరుగా పనిచేయదని స్పష్టంగా వేయండి. ఆటోనగర్‌లో నాలాగే పాత ప్రింటర్లతో నెట్టుకొస్తున్న ఆఫీసులు ఇంకా ఉన్నాయి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఈ ఆఫీసు నేను స్వయంగా నడుపుకుంటున్న జీవనోపాధి, కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నాకు ఆ హక్కు ఉంది.

ఇట్లు,
లారీ బుకింగ్ ఆఫీసు యజమాని,
ఆటోనగర్, విజయవాడ

జతపరిచినవి: బిల్లు నకలు, కేబుల్ డబ్బా ఫోటో, పాడైన ఎల్‌ఆర్ ఫారాలు