ఎస్‌ఎంపీఎస్ విషయంలో నేను చేసిన తప్పు, ఇకనుంచి మన షాపులో కొటేషన్ ఎలా ఉంటుందంటే

నమస్తే. హన్మకొండలో మన షాపులో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్న వాళ్ళకీ, చేయించుకుందామని కొటేషన్ పట్టుకెళ్ళిన వాళ్ళకీ ఈ ఉత్తరం. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి. 2023, 2024లో మన దగ్గర 'స్టూడెంట్ గేమింగ్ ప్యాకేజీ' తీసుకున్న వాళ్ళు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవండి.

పోయిన ఆగస్టులో నర్సంపేట వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన సీపీయూని గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రాత్రి గేమ్ ఆడుతుంటే టప్‌మని శబ్దం వచ్చి ఆగిపోయిందట, మళ్ళీ ఆన్ కాలేదట. పక్క మూత తీయగానే కాలిన వాసన కొట్టింది. ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా, బయటికి తీసి చేతిలో పట్టుకుంటే ఖాళీ డబ్బా అంత తేలిక. విప్పి చూస్తే కెపాసిటర్ల తలలు ఉబ్బిపోయి, ఒకదాని కింద గోధుమరంగు ద్రవం కారి ఎండిపోయి ఉంది. మదర్‌బోర్డూ పోయింది. గ్రాఫిక్స్ కార్డు బతికింది, అదొక్కటే అదృష్టం.

పెద్దాయన కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని ఒక్కటే అడిగారు. "తమ్మీ, ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మిన పైసలతోని కొనిచ్చిన. పిల్లగాడు గేములు ఎక్కువ ఆడి కరాబ్ చేసిండా, నువ్వు పెట్టిన సామాన్ల తేడానా? ఉన్నది చెప్పు."

ఉన్నది చెప్పాను. తప్పు నాదే. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

ఆ ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. దాని పక్కనే చిన్న పట్టికలో 12 వోల్టుల లైను ఎదురుగా 16 ఆంపియర్లు అని ఉంది. కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఈ 12 వోల్టుల లైను మీదే. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. అంటే 450 అన్నది ముఖం మీది మాట, పనికొచ్చేది 192. మరి నేను ఆ పెట్టెలో పెట్టిందేమిటి? ఆర్ఎక్స్ 6600 కార్డు, అది 132 వాట్లు తీసుకుంటుంది. రైజెన్ 5 5600 ప్రాసెసర్, పూర్తి లోడు మీద 76 వాట్ల దాకా పోతుంది. రెండూ కలిపితే 208. ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు, గేములు దాచుకునే డ్రైవు), యూఎస్‌బీ ఇంకా లెక్కలోకే రాలేదు. రోజూ నాలుగైదు గంటలు గేమ్ ఆడితే ఆ డబ్బా ఏడాదిన్నర నడవడమే ఎక్కువ.

ఇంకో తప్పు కూడా ఉంది. ఆ కార్డుకి ఎనిమిది పిన్నుల పవర్ కేబుల్ కావాలి. ఆ చవక ఎస్‌ఎంపీఎస్‌కి ఆ కేబులే లేదు. పాత హార్డ్ డిస్కులకి పెట్టే నాలుగు పిన్నుల మోలెక్స్ వైరుకి కన్వర్టర్ తగిలించి కార్డుకి ఇచ్చాను. 'కేబుల్ లేదంటే ఈ డబ్బా ఈ కార్డుకి సరిపోదని అర్థం' అని మా కుర్రాళ్ళకి నేర్పించేవాణ్ణి నేనే. తెలిసి కూడా పెట్టాను.

ఎందుకు పెట్టానంటే, ప్యాకేజీ నలభై అయిదు వేలు దాటకూడదని. మా దగ్గరికి వచ్చే పిల్లలు ప్రాసెసర్ ఏది, కార్డు ఏది, ర్యామ్ ఎంత అని అడుగుతారు. ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీదని అడిగిన వాళ్ళు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. పక్క షాపు కొటేషన్ నాకంటే వెయ్యి తక్కువ ఉంటే బేరం అటే పోతుంది. అందుకని ఎవరూ చూడని చోట రెండు వేల చిల్లర తగ్గించాను. అమ్మిన రోజు అంతా బాగుంది. నష్టం వచ్చేసరికి ఒక రైతు మీద పడింది.

ఆయనకి బోర్డు, ఎస్‌ఎంపీఎస్ రెండూ నా ఖర్చుతో కొత్తవి వేసి పంపాను. ఆ రాత్రే బిల్లు పుస్తకాలు తీసి చూస్తే అదే డబ్బా పెట్టినవి మొత్తం 23 తేలాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇప్పటికి 14 మార్చాను. ఇంకా తొమ్మిది ఉన్నాయి. వాటి సంగతి చివర్లో చెప్తాను.

ఇప్పుడు ధరల విషయం. సంక్రాంతి సెలవుల్లో వచ్చిన వాళ్ళు చాలామంది నా కొటేషన్ చూసి, "అన్నా, మా ఫ్రెండుకి నిరుడు ఇంతకే కార్డుతో సహా ఇచ్చినవ్ కదా" అన్నారు. నిజమే. నిరుడు ఎండాకాలంలో 8 జీబీవి రెండు కలిపిన డీడీఆర్4 (నాలుగో తరం) ర్యామ్ కిట్ మూడున్నర వేల లోపే ఇచ్చాను. 2025 అక్టోబరు నుంచి రేటు ఎక్కడం మొదలైంది, డిసెంబరుకల్లా రెండింతలు దాటిపోయింది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు తయారుచేసేది ప్రధానంగా మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకి కావాల్సిన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు అటు మళ్ళాయి. మైక్రాన్ అయితే మనలాంటి వాళ్ళకి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్మే క్రూషియల్ బ్రాండునే మూసేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో నాకు సరుకు ఇచ్చేవాళ్ళు పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి మారుస్తున్నారు. ఎస్‌ఎస్‌డీలదీ అదే దారి. నేను ఎక్కువ వేసుకుంటున్నానని అనుమానం ఉంటే ఆ రోజు నేను కొన్న బిల్లు అడగండి, చూపిస్తాను.

అందుకే పాత ప్యాకేజీలన్నీ తీసేశాను. గోడ మీద అంటించిన రేట్ల పోస్టర్ కూడా చింపేశాను.

మరి తక్కువ డబ్బులో గేమింగ్ సిస్టం ఇప్పుడు ఎలా? ముందు ఇంట్లో వెతకండి. మూలన పడి ఉన్న పాత ఆఫీసు కంప్యూటర్, అన్నయ్య వాడి వదిలేసిన డెస్క్‌టాప్ ఏదైనా ఉంటే విప్పి ర్యామ్ మీద స్టిక్కర్ చూడండి. 2017 తర్వాత కొన్నదైతే చాలావరకు డీడీఆర్4 ఉంటుంది. అది ఉంటే ఈ రోజు మీ చేతిలో కొన్ని వేలు ఉన్నట్టే. తీసుకురండి, రాత్రంతా మెమరీ టెస్టు పెట్టి, తప్పులేమీ రాకపోతే మీ కొత్త సిస్టంలోనే వేస్తాను, దానికి డబ్బు తీసుకోను. డీడీఆర్3 అయితే పనికిరాదు. అడుగున గాటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. ఒకబ్బాయి ఇంట్లో అలాగే నొక్కి బోర్డు తెచ్చాడు.

ఆ ర్యామ్ కోసమే ఇప్పుడు నేను ఏఎం4 బోర్డు, రైజెన్ 5 5600 వైపే మొగ్గుతున్నాను. ఏఎం4 అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం, అది పాతది, దానికి ఇక కొత్త తరం ప్రాసెసర్లు రావు, అది నిజం. కొత్త ఏఎం5 బోర్డులో ముందుముందు ప్రాసెసర్ మార్చుకునే వీలుంది. కానీ దానికి డీడీఆర్5 తప్ప వేరేది పట్టదు. ఆ తేడా డబ్బుతో మంచి గ్రాఫిక్స్ కార్డు వస్తుంటే, వేలు లెక్కపెట్టుకుని కొనే పిల్లాడికి నేను కార్డే ఇస్తాను. ఇంటెల్ కావాలంటే 12వ తరం ఐ3-12100ఎఫ్ ఇప్పటికీ గట్టిదే. ఆ తరానికి డీడీఆర్4 పట్టే బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 పట్టేవీ ఉన్నాయి, బిల్లు వేయించుకునే ముందు ఏదో చూసుకోండి. పేరు చివర 'ఎఫ్' ఉంటే లోపల డిస్‌ప్లే ఉండదు, కార్డు లేకుండా స్క్రీన్ మీద బొమ్మ రాదు. రైజెన్ 5600కీ అంతే. 5600జీ అయితే లోపలే గ్రాఫిక్స్ ఉంటుంది.

ఈ 'జీ' గురించి ఒక మాట. అస్సలు డబ్బు సరిపోని వాళ్ళు ముందు 5600జీ మీద మొదలుపెట్టి, ఆరునెలలకో ఏడాదికో కార్డు కొనుక్కోవచ్చు. వాలరెంట్ లాంటి గేములు తక్కువ సెట్టింగ్స్‌లో హాయిగా నడుస్తాయి. కాకపోతే ర్యామ్ రెండు ముక్కలుగా ఉండాలి. 16 జీబీది ఒక్కటి కాదు, 8 జీబీవి రెండు. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఒక్క ముక్కతో దాని వేగం బాగా పడిపోతుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో ప్రాసెసర్ పక్కనుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. తర్వాత బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగానే తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్ళి ర్యామ్‌ని దాని పూర్తి వేగానికి తెచ్చే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి, లేకపోతే 3200 వేగం ర్యామ్ 2133 మీదో 2400 మీదో నడుస్తూ ఉంటుంది. మన దగ్గర తీసుకున్నవాటికి నేనే చేసి ఇస్తాను. ఇంట్లో సొంతంగా బిగించుకున్న వాళ్ళు చూసుకోండి.

కార్డుల్లో, పూర్తి హెచ్‌డీ స్క్రీన్‌కి ఆర్ఎక్స్ 6600 దొరికితే తక్కువ డబ్బులో నాకు ఇంకా నమ్మకం ఉన్నది అదే. ఇంకొంచెం పెట్టగలిగితే ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ వస్తుంది, కొత్త పెద్ద గేములకి అది కలిసొస్తుంది. కానీ దానికి బయోస్‌లో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉండాలి, పాత ప్రాసెసర్‌తో జతచేస్తే పూర్తి బలం చూపించదు. ఆన్‌లైన్‌లో 'కొత్త' ఆర్ఎక్స్ 580 అని చవకగా కనిపించేవాటితో జాగ్రత్త. చాలావాటిలో ఉండేది 2048 కోర్ల రకం, అసలు 580కి 2304 కోర్లు ఉంటాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే సంగతి తెలిసిపోతుంది. సెకండ్‌హ్యాండ్ కార్డు కొంటుంటే అసలు బిల్లు అడగండి, సీరియల్ నంబరు మీద వారంటీ ఎంత మిగిలిందో చూసుకోండి. మీ ముందే అరగంట గేమ్ నడిపించమనండి.

"జీటీఏ 6 ఆడుద్దా అన్నా?" అని రోజుకి ఇద్దరు అడుగుతున్నారు. ఇప్పటిదాకా తేదీ ప్రకటించింది ప్లేస్టేషన్ 5కి, ఎక్స్‌బాక్స్‌కి మాత్రమే. పీసీకి ఎప్పుడో, ఏ హార్డ్‌వేర్ కావాలో కంపెనీయే చెప్పలేదు. ఆ గేమ్ కోసమని ఈ రోజు అప్పు చేసి పెద్ద కార్డు కొనొద్దు. నాకు అమ్మకం పోయినా పర్వాలేదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. దీని మీద బేరం లేదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఏ సిస్టం అయినా 80 ప్లస్ బ్రాంజ్ సర్టిఫికెట్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందని పరీక్షించి ఇచ్చేది), అయిదేళ్ళ వారంటీ, కార్డుకి సొంత కేబుల్ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌తోనే మన షాపు గడప దాటుతుంది. డబ్బు తగ్గించాలంటే క్యాబినెట్ అద్దం తీసేద్దాం, రంగుల లైట్లు తీసేద్దాం, ప్రాసెసర్‌తో వచ్చిన కూలరే వాడదాం, మొదట ఎస్‌ఎస్‌డీ 500 జీబీతో సరిపెట్టుకుందాం. జీటీఏ 5 ఒక్కటే వంద జీబీకి పైగా తింటుంది కాబట్టి ఒకేసారి రెండు మూడు పెద్ద గేములకే చోటుంటుంది. కానీ ఎస్‌ఎస్‌డీ తర్వాత కూడా కలుపుకోవచ్చు. కాలిపోయిన బోర్డుని వెనక్కి తెచ్చుకోలేం.

ఇంట్లో కరెంటు సంగతి కూడా చూసుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్ళకి జిల్లుమంటోందంటే చాలావరకు ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, తర్వాత నన్ను పిలవండి. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. కరెంటు పోగానే గేమ్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికి అది చాలు, ఆట కొనసాగించడానికి కాదు.

కొత్త కొటేషన్ ఇలా ఉంటుంది. ప్రతి భాగం పూర్తి మోడల్ పేరుతో, దాని ధర విడిగా. 'గేమింగ్ బోర్డు', '450 వాట్ల ఎస్‌ఎంపీఎస్' అని పైపైన రాసి ఇవ్వను. ఎస్‌ఎంపీఎస్ ఎదురుగా 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లో కూడా రాస్తాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు ఆ ఒక్క రోజుకే. మిగతావి వారం రోజులు. అసెంబ్లింగ్ చార్జీ కూడా విడిగానే వేస్తాను, ఎందులోనూ కలిపి దాచను. ఆ కాగితం పట్టుకుని వేరే షాపులో అడిగినా నాకేం అభ్యంతరం లేదు. అక్కడ తక్కువకి వస్తే తీసుకోండి, ఎస్‌ఎంపీఎస్ మోడల్ మాత్రం సరిచూసుకోండి.

ఇప్పుడు ఆ తొమ్మిది మంది. కొందరి నంబర్లు మారిపోయాయి, ఇద్దరు చదువు అయిపోయి హైదరాబాద్ వెళ్ళారని విన్నాను. మీ బిల్లులో 'స్టూడెంట్ గేమింగ్ ప్యాకేజీ' అని ఉండి, తేదీ 2023 జూన్ నుంచి 2024 ఆగస్టు మధ్యలో ఉంటే అది మీరే కావచ్చు. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పక్క మూత తెరిచి చూడండి. గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళే వైరు మధ్యలో తెల్లని నాలుగు పిన్నుల జాయింటు కనిపిస్తే కచ్చితంగా మీరే. బిల్లు పోయినా ఫర్వాలేదు, నా పుస్తకంలో ఉంది. సీపీయూ తెస్తే ముప్పావు గంటలో కొత్త ఎస్‌ఎంపీఎస్ వేసిస్తాను, రూపాయి ఇవ్వక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న వాళ్ళకి సోమవారాలు నేను సీటీసీకి వచ్చినప్పుడు అక్కడే మార్చిస్తాను, ముందురోజు ఫోన్ చేయండి. అప్పటిదాకా ఆ సిస్టంలో చదువుకోండి, సినిమాలు చూడండి. గేములు మాత్రం ఆడకండి.