మావా, ముల్లు లేచింది!

విజయనగరం,
ఆదివారం, పొద్దున్న ఆరున్నర

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం దసరాకి ముందే వచ్చింది. కార్తీకం సగం అయిపోయాక ఇప్పుడు రాస్తున్నాను, క్షమించరా. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. అప్పుడు రాసి ఉంటే ఉత్తరం నిండా ఏడుపే ఉండేది. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, చెల్లికి బొబ్బిలి ట్రాన్స్‌ఫర్ అయింది, సిరిమాను చూశాం, భిలాయిలో నీకు సెలవు దొరకలేదని అమ్మ బాధపడింది. వార్తలు అయిపోయాయి. ఇక కారు సంగతి చెప్పనీ, చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

మన తెల్ల మారుతి 800 రా. 1997 మోడల్. అయోధ్యా మైదానంలో నువ్వు క్లచ్ నేర్చుకున్న బండి. (మేక సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.) శ్రావణంలో దానికి ఎర్రలైటు మొదలైంది. ఆయిల్ డబ్బా బొమ్మ ఉంటుంది చూడు, అది. ఇంజన్ బాగా వేడెక్కాక గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే చాలు, మిణుకు మిణుకు. యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది.

ఒక షెడ్డుకి తీసుకెళ్లాం. ఏ షెడ్డో ఎందుకులే. ఆయన బానెట్ ఎత్తాడు, చెవి పెట్టి విన్నాడు, దించేశాడు. ఆయిల్ ప్రెషర్ లేదు, బేరింగులు అరిగిపోయాయి, ఇంజన్ మొత్తం విప్పాలి, 38 వేలు అన్నాడు. ఈ బండికి అంత దేనికి, పాత ఇనుముకి ఇచ్చేయండి అని కూడా అన్నాడు. ఆ ఆఖరి మాట నాన్న ముందు అనాల్సింది కాదు. మూడు రోజులు నాన్న బండి ఊసే ఎత్తలేదు. నాలుగో రోజు డ్యాష్‌బోర్డు మీద ఉన్న సింహాద్రి అప్పన్న బొమ్మ ఊడదీసి దేవుడి గదిలో పెట్టేశారు. బొమ్మ ఉన్న చోట గుండ్రంగా జిగురు మరక మిగిలింది. నాకు గొంతు పట్టేసిందిరా. ఆ ముందు సీట్లోనే అమ్మని ఆపరేషన్‌కి విశాఖ తీసుకెళ్లాం కదా, నువ్వు వెనకాల సెలైన్ సీసా పట్టుకుని...

సరే. అప్పుడు నాకు సాలూరు మేస్త్రీ గుర్తొచ్చాడు. మన దుప్పటి రాత్రి మేస్త్రీయే! జుట్టంతా తెల్లబడిపోయింది, ఇంకా లారీల కిందే ఉన్నాడు. ఫోన్‌లో అంతా విని ఒకటే మాట: "దీపాన్ని నమ్మి ఇంజను ఇప్పుతారేటి బాబూ? ఎలిగిందని సెప్తాది గాని, ఎందుకెలిగిందో అదేటి సెప్తాది? ముల్లున్న మీటరెట్టి సూడండి. కరెంటుది కాదు, నూనె లోపలికొచ్చే మీటరు."

విశాఖ నుంచి తెప్పించాను. రెండంగుళాల గుండ్రటి మీటరు, సున్నా నుంచి చదరపు అంగుళానికి 100 పౌండ్ల దాకా. పాలిటెక్నిక్ ల్యాబ్‌లో నువ్వు బొమ్మ గీస్తే నేను పేర్లు రాశాను చూడు, బోర్డన్ గేజు. అదేరా ఇది. 1849లో ఫ్రాన్సులో బోర్డన్ కనిపెట్టినప్పటి నుంచి లోపల పద్ధతి అదే. వంకీ తిరిగిన ఇత్తడి గొట్టంలోకి ఒత్తిడి వెళ్తే వంకీ కాస్త విచ్చుకుంటుంది, దాని కొస పళ్లచక్రాన్ని లాగుతుంది, ముల్లు తిరుగుతుంది. పైడితల్లమ్మ తీర్థంలో ఊదితే చుట్ట విప్పుకునే పీపీ కొనేవాళ్లం కదా, అలాగ.

పోయిన ఆదివారం మేస్త్రీ బస్సులో దిగాడు, సంచిలో పానాలు వేసుకుని. ఎర్రలైటుని వెలిగించే ప్రెషర్ స్విచ్చుని ఇంజన్ నుంచి విప్పి, ఆ కన్నంలో 'టీ' (T ఆకారం జాయింటు) బిగించి, ఒక కొమ్మకి పాత స్విచ్చు, ఇంకో కొమ్మకి మీటరు గొట్టం పెట్టాలి. కిట్‌లో వచ్చిన టీ రెండు చుట్లు సాఫీగా తిరిగి బిగుసుకుపోయింది. నేను పానా అందుకున్నాను. మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. టీ బయటికి తీసి, పాత స్విచ్చు పక్కన మరకి మర ఆనించి ఎండకేసి పట్టాడు. మధ్యలో సన్నటి వెలుతురు! టీకి అంగుళానికి 27 మరలు, మన స్విచ్చుకి 28. ఒక్క మర తేడా. బలవంతంగా తిప్పి ఉంటే బ్లాకులో మర చితికిపోయి ఇంజన్ నిజంగానే పాడయ్యేది. రింగ్ రోడ్డు దాకా వెళ్లి సరైన టీ వెతికి తెచ్చేసరికి మధ్యాహ్నం రెండు. టెఫ్లాన్ టేపు కూడా మొదటి మర వదిలేసి చుట్టాడు, ముక్క తెగి ఆయిల్ దారిలో పడకూడదని.

ముందు పరీక్షకని కిట్‌లోని నైలాన్ గొట్టమే తగిలించాం. తెల్లటి గొట్టం, లోపల కనిపిస్తుంది. నాన్న అరుగు మీదే కూర్చున్నారు, దగ్గరికి రాలేదు. నేను తాళం తిప్పాను.

మావా, ఆ నాలుగు సెకన్లు ఎలా చెప్పను! గొట్టంలో ముదురు తేనె రంగు నూనె గాలిబుడగల్ని తోసుకుంటూ నా వైపు పాకుతూ వచ్చింది. ముల్లు ఒకసారి వణికింది. తర్వాత లేచింది. 20, 40, 60 మీద నిలబడింది! నేను కేక వేశాను. మేస్త్రీ మాత్రం "ఉండండి బాబూ, ఇంజను సల్లగుంది, నూనె సిక్కగుంది. ఏడెక్కనీండి" అన్నాడు. నిజమే. నీళ్ల గొట్టం మూతి బొటనవేలితో నొక్కితే నీళ్లు దూరం చిమ్ముతాయి, వేలు వదులు చేస్తే కారిపోతాయి. బేరింగుల సందు అంతే. అరిగి సందు పెరిగితే, పైగా వేడికి నూనె పలచబడితే, ప్రెషర్ నిలవదు. అసలు పరీక్ష వేడి మీద.

ఇరవై నిమిషాలు నడిపాం. నా టెన్షన్ నీకు తెలుసు కదా, పదో తరగతి రిజల్ట్స్ రోజు లాగే. ముల్లు మెల్లగా దిగింది. 50, 35, 25... యాక్సిలరేటర్ వదిలేసి స్లోలో ఉంచితే 20 దగ్గర ఆగింది. ఇక దిగలేదు! నిమిషానికి వెయ్యి తిరుగుళ్లకి పది పౌండ్లు ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టని మేస్త్రీ లెక్క. స్లోలో ఇంజన్ వెయ్యి కూడా తిరగదు.

అదే క్షణంలో ఎర్రలైటు మిణుకుమంది.

ముల్లు 20 మీద, లైటు ఎర్రగా! ఆ స్విచ్చు ప్రెషర్ దాదాపు 5 పౌండ్లకి పడితే గాని కలవదు. మేస్త్రీ కిందికి వంగి స్విచ్చు వైరు పీకేశాడు. వైరు గాల్లో ఉంది. అయినా లైటు మిణుకుతూనే ఉంది! ఆ స్విచ్చు చేసేదల్లా వైరుని ఇంజన్ బాడీకి తగిలించడమే కదా. మరి వైరే ఎక్కడో బాడీకి తగులుతుంటే? వేలితో తడుముకుంటూ వెళ్లాడు. బ్రాకెట్ వెనకాల తొడుగు ఒరుసుకుపోయి అంగుళం మేర రాగి మెరుస్తోంది. స్లోలో మూడు సిలిండర్ల ఇంజన్ ఊగినప్పుడల్లా అది రేకుకి తగులుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఊగడం తగ్గి వదిలేస్తోంది. అంతేరా. అంగుళం వైరు. దానికి 38 వేలు, ఒక బండి ప్రాణం. ఆ షెడ్డాయన ఆ వైరు ఒక్కసారి పీకి చూసి ఉంటే ఏం పోయేది? నాకు ఇంకా కోపం తగ్గలేదు.

నాన్న ఎప్పుడు లేచి వచ్చారో చూడలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని మీటరు అద్దాన్ని గోటితో టకటకా కొట్టారు. "ఇది అబద్ధం చెప్పదా?" అని అడిగారు. "నూనే వచ్చి ముల్లుని నెడతంది బాబూ, మద్దిన ఎవులూ నేరు" అన్నాడు మేస్త్రీ. నాన్న ఏమీ అనలేదు. ఇంజన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, ముల్లు లేవడం చూశారు. మళ్లీ ఆపారు. మళ్లీ చూశారు.

మీటరు ఉంచేశాం. నైలాన్ గొట్టం మాత్రం మేస్త్రీ తీయించేశాడు. ఎగ్జాస్ట్ వేడికి అది మెత్తబడి తెగితే కాలి మీద సలసలమనే నూనె పడుతుంది. రాగి గొట్టం వేసి, ఇంజన్ ఊపుకి విరిగిపోకుండా మధ్యలో రెండు చుట్లు తిప్పాడు. రేకులోంచి లోపలికి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ పెట్టాడు. మొదట ఇత్తడి ఉంగరం సరిగ్గా కూర్చోక చుక్క చుక్క కారి నాన్న పంచె మీద పడింది. అమ్మ ఒక్క మాట అనలేదు, ఆశ్చర్యం కదూ!

నిన్న రామభద్రపురం మీదుగా సాలూరు వెళ్లి మేస్త్రీని పలకరించి ఘాట్ ఎక్కాం. సుంకి దాకా. ఎక్కుతున్నంత సేపూ 45కి తగ్గలేదు, పైన ఆగినప్పుడు 16. నాన్న దారి చూశారో ముల్లు చూశారో...

సంక్రాంతికి వచ్చినప్పుడు ఘాట్‌లో నువ్వే నడుపు. కానీ ఒక షరతు, ఆ దుప్పటి... ఉండు, నాన్న హారన్ కొడుతున్నారు. రామతీర్థం వెళ్తున్నాం. అప్పన్న బొమ్మ అతికించడానికి గమ్ము కొనాలట, దారిలో. ఉత్తరం కూడా దారిలోనే డబ్బాలో పడేస్తాను. మిగతాది తర్వాత

నీ మావ