రెండో సూది ఆపొద్దు

తిరుపతి

చిట్టితల్లీ,

బాబుకు 16 నెలలు నిండాయి కదా, తట్టు-రుబెల్లా రెండో సూది వేయించేయమ్మా. మొదటి సూదికి జ్వరం వచ్చిందని మీ అత్తమ్మ భయపడుతున్నారన్నావు. బిడ్డ మీది ప్రేమతోనే అంటున్నారు, కోప్పడకు. ఈ ఉత్తరం చదివి వినిపించు.

మన వైపు తట్టు పోస్తే వేపాకు కట్టి, నీళ్లు పోసి, అమ్మవారు దిగిపోయిందంటారు. గంగమ్మకు మొక్కుకోవడంలో తప్పు లేదు. కానీ దద్దుర్లు మానిపోయినా, అరుదుగా కొందరు పిల్లల మెదడులో ఆ వైరస్ ఉండిపోతుంది. రెండేళ్లలోపు తట్టు వచ్చినవాళ్లకే ముప్పు ఎక్కువ. అక్కడ దాని జన్యువులు మారిపోయి, కణం బయటికి రాకుండానే ఒక నరాల కణం నుంచి పక్కదానిలోకి జారుకుంటూ పోతుంది. రక్తంలో, వెన్ను నీటిలో యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడే రక్షకాలు, ఎన్ని ఉన్నా దాన్ని పట్టలేవు.

తట్టు వచ్చి పోయాక 6 నుంచి 10 ఏళ్ల దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత చదువు తగ్గుతుంది, చేతిరాత చెడుతుంది, చెప్పింది మరిచిపోతాడు. సోమరితనమని బిడ్డను కొడతారు, అది తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది. తర్వాత కుదుపులు. తల వాలిపోయి చేతిలో గ్లాసు జారుతుంది, కొన్ని సెకన్లకే మళ్లీ అదే కుదుపు, లెక్క పెట్టినట్టు. మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష తీస్తే అదే లయలో పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి. ఎస్‌ఎస్‌పీఈ అంటారు దీన్ని. ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీకి తీసుకెళ్లినా, ఇంకెక్కడికి తీసుకెళ్లినా మందులతో కొందరిలో నెమ్మదిస్తుందే గానీ నయం కాదు. టీకా వల్ల ఇది రాదు. ఈ జబ్బు వచ్చిన పిల్లల మెదడులో పరీక్షించి చూస్తే దొరికింది బయట తిరిగే తట్టు వైరస్సే.

9 నెలల సూది 100 మందిలో సుమారు 85 మందికే పనిచేస్తుంది. మనవాడు మిగతా 15 మందిలో లేడని ఎవరు చెప్పగలరు? రెండోది అందుకే.

బుధవారం గానీ శనివారం గానీ పొద్దున్నే వెళ్లు, తల్లీబిడ్డల కార్డు మరిచిపోకు. సీసా తెరవకముందే మూత మీద, టీకా వేడికి చెడిపోలేదని తెలిపే గుర్తు చూపించమని ఏఎన్ఎమ్‌ను అడుగు: లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం కంటే లేత రంగులో ఉండాలి. పొడిలో ద్రావణం కలిపాక 4 గంటలు దాటితే వాడకూడదు, కలిపిన టైమ్ సీసా మీద రాసి ఉంటుంది. కుడి భుజానికి, చర్మం కింద, అర మిల్లీలీటరు. జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా వేయించొచ్చు.

జ్వరం వస్తే అదే రోజు కాదు, 7 నుంచి 12 రోజుల మధ్య వచ్చి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. 10 కిలోల బిడ్డకు పారాసెటమాల్ ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. సిరప్పులు 5 ఎంఎల్‌కు 125 అనీ, 250 అనీ రెండు రకాలు దొరుకుతాయి, సీసా మీద చూసి కొలిచి పొయ్యి. ఒక మోతాదుకూ ఇంకోదానికీ మధ్య 6 గంటలు ఉండాలి.

వేయించాక కార్డు ఫోటో తీసి పంపు.

మీ అమ్మ